కొట్టేసిన వాక్యం

యాష్ నగరంలో పదకొండేళ్లుగా ట్రామ్ నడుపుతున్న ఇలింకా, ఆపరేషన్‌కి ఒప్పుకునే కాగితం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగింది. ఎదురుగా సర్జన్ కూర్చున్నాడు.

"ఎండోమెట్రియోసిస్ గడ్డ, అంటే గర్భసంచి లోపొరలాంటిది బయట పెరిగిన గడ్డ, పేగు గోడలోకి బాగా దిగిందమ్మా. పైపైన గీకితే అడుగున మిగిలిపోతుంది. గుండ్రంగా కత్తిరించి తీద్దామంటే మరీ పెద్దది."

"అయితే ఆ ముక్క కోసేసి రెండు కొసలూ కలిపి కుట్టండి."

"కుట్టు లీకవ్వచ్చు. కొన్నాళ్లు మలం పోవడానికి పొట్టకి సంచి పెట్టాల్సి రావచ్చు."

"పెట్టండి. నెలనెలా మెలికలు తిరిగిపోతూ ట్రామ్ నడిపాను. అందరూ నరాల బలహీనత అన్నారు. సంచికి భయపడతానా? కానీ ఇక్కడ 'అవసరమైతే గర్భసంచి తొలగింపు' అని ఎందుకుంది?"

"అదీ తీసేస్తే తేలిక."

"ఎవరికి?"

"మీకు పిల్లలు కావాలా?"

"వద్దు."

"మరింకేంటమ్మా?"

"దానికి ఏ జబ్బూ లేదని స్కాన్ చూసి మీరే చెప్పారు. నేను వాడనంత మాత్రాన అది మీదైపోతుందా?"

ఇలింకా ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. గీత గట్టిగా పడింది.

"లోపల రక్తం ఆగకపోతే?"

"ప్రాణం మీదికొస్తే తీయండి. తేలిక కోసం వద్దు. ఆ మాటే రాయండి."

ఆయన 'ప్రాణాపాయమైతేనే' అని రాసి సంతకం పెట్టాడు.

"మంగళవారం పరగడుపున రండి."

"వస్తాను. దీని నకలొకటి ఇవ్వండి. మత్తులో ఉండేది నేనే అయినా, మర్చిపోయేది మీరు కావచ్చు."