హార్మెన్ పెళ్ళి చొక్కా

ఫిలడెల్ఫియా బయట, వాగు ఒడ్డున ఉన్న కాగితం మిల్లుకి ఆల్కే నడిచి వచ్చింది. గుడ్డపేలికలు తడిపి మురగబెట్టే కొట్టు దగ్గర పనివాడు క్లాస్ ఎదురయ్యాడు.

"తమ్ముడూ, పొరపాటైపోయింది. పోయిన నెల మీ బండివాడికి పాత గుడ్డలతోపాటు మా ఆయన పెళ్ళి చొక్కా కూడా ఇచ్చేశాను."

"అయ్యో అక్కా! నారబట్టేనా?"

"నేను వడికిందే. మోచేతి దగ్గర నీలం దారంతో మాసిక ఉంటుంది."

"ముక్కలు చేసి ఈ కుప్పలో వేసేశాం. గుడ్డ మురిగితేగానీ మిల్లు రోకళ్ళకి గుజ్జుగా నలగదు మరి."

"ఒక్క ముక్కయినా దొరకదా?"

"పట్టుకుంటే చివికిపోతుందమ్మా. ఇంకో నెలకి కాగితమైపోతుంది. ఊళ్ళో కొత్త అచ్చుయంత్రం వాళ్ళు దాని మీద గవర్నరుగారి హుకుం వేస్తారు."

"హుకుమా! హార్మెన్ బతికుండగా నా మాటే వినలేదు."

క్లాస్ నవ్వబోయి ఆగాడు. ఆల్కే మోకాళ్ళ మీద కూర్చుని, కుప్పలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టింది.

"తియ్యక్కా! మురిగే గుడ్డ లోపల పొయ్యిలా కాగుతుంది."

"తెలుస్తోందిరా. కాసేపు ఉండనీ. ఆయన పోయాక ఈ రెండు చలికాలాల్లో ఈ చేతికి ఇంత వెచ్చగా ఏదీ తగల్లేదు."