కుట్టుపెట్టెలో కత్తి

పాత జేబుకత్తులు సేకరించే భర్త భూతద్దం పట్టుకుని, కుట్టుమిషను ముందున్న భార్య పక్కన చతికిలబడ్డాడు.

“ఆ కత్తి ఇలా ఇవ్వు. పిడి మీద సోడా కంపెనీ బొమ్మేనా అది?”

“అవును. నాన్న ఆ కంపెనీ బండి నడిపేవాడుగా, అప్పుడిచ్చారు. ముందు ఈ దారం కొయ్యనివ్వండి.”

“ఆగు తల్లీ. సోడా కంపెనీ కత్తులు చెయ్యదు, పేరు వాడుకోమని లైసెన్సు ఇస్తుంది, అంతే. అసలుదైతే బ్లేడు మొదట్లో కత్తి చేసిన కంపెనీ పేరుండాలి. ఇదిగో, ఉంది.”

“మరి మీరు అద్దాల పెట్టెలో దాచుకున్న సోడా కత్తి మీద?”

“పిడి మీదా, బ్లేడు మీదా సోడా పేరే.”

“అంటే?”

“నకిలీ. పొద్దున్నే బయటపడింది. పోతే పోయింది, అసలుది ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతికాను. దీన్ని అద్దాల పెట్టెలో పెడదాం, నువ్వు దాన్ని వాడుకో.”

“దాంతో దారం తెగుతుందా?”

“తెగదనుకో.”

“అయితే ఇటివ్వండి. నాన్న దీన్ని జేబులో అరగదీశాడు గానీ దాచుకోలేదు. చూడాలనిపించినప్పుడల్లా వచ్చి, నాకు గుండీల దారాలు కోసిపెట్టండి.”