ఆది మారిన దవడ

నన్ను అందరూ కత్తెరమ్మ అంటారు. అసలు పేరు డాక్టరు గారిచ్చిన ఫిర్యాదులో ఉంది, అందులోంచి ఎక్కించుకోండి. వయసు డెబ్భై రెండు. యాభై ఏళ్లుగా ఆడవాళ్ల బట్టలు కుడుతున్నాను. ఇంట్లో నేనూ, నా చెల్లెలూ, ఒక కుట్టు మిషనూ. నాకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. కింది పెదవి మొద్దుబారి ఉంది కాబట్టి మాట ముద్దగా వస్తోంది. అది పళ్ల ఆసుపత్రిలో పొడిచిన మత్తు సూది వల్ల. తాగి వచ్చిందని రాయకండి.

ముందుగా ఒక సంగతి. ఇవాళ మధ్యాహ్నం రెండు గంటలకు అదే ఆసుపత్రిలో, అదే కుర్చీలో ఒక రిటైరైన పంతులమ్మ గారిని కూర్చోబెడతారు. ఆవిడ దవడలో నా కొలతలతో కన్నాలు వేస్తారు. ఫోన్ చేసి ఆపండని పది నలభైకి ఈ పోలీస్ స్టేషనుకు తీసుకొచ్చినప్పుడే మొత్తుకున్నాను. రైటరు గారూ, మీరే "ముందు నీ కేసు సంగతి తేలనీ పెద్దమ్మా" అన్నారు. ఆ బల్ల మీద కూర్చోబెట్టారు. ఇప్పుడు పన్నెండుంబావు. నేను గబగబా చెబుతాను, మీరు గబగబా రాయండి.

నాకు పైనా కిందా ఒక్క పన్ను లేదు. దవడ ఎముకలో మరమేకులు దించి, వాటి మీద పళ్ల వరస మొత్తం బిగిస్తారంటే ఒప్పుకున్నాను. పోయిన మంగళవారం పదిగంటలకు తల చుట్టూ తిరిగే మిషనుతో ఫొటో తీస్తామని పంపారు. ఆ గది బయట బల్ల మీద నేనూ, ఆ పంతులమ్మ గారూ కూర్చున్నాం. ఆవిడకూ పళ్లు లేవు. ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాం.

"ముప్పై అయిదేళ్లు పిల్లల చేత పద్యాలు చదివించానమ్మా. ఇప్పుడు నేను 'స' అంటే గాలి వస్తోంది, అక్షరం రావడం లేదు. పోయేలోగా ఒక్క పద్యం తప్పు లేకుండా చదవాలి" అన్నారావిడ.

వరసలో ముందు ఆవిడ, తర్వాత నేను. ఆవిడ బాత్రూముకు వెళ్లారు. ఫొటోలు తీసే మనిషి తలుపు తీసి "పెద్దమ్మా, రండి" అంది. నేను లేచి వెళ్లాను. నా తర్వాత మళ్లీ "పెద్దమ్మా, రండి" అంది. పంతులమ్మ గారు వెళ్లారు. ఆ మనిషి మా పేరు అడగలేదు, మేం చెప్పలేదు. మా వయసు వచ్చాక ప్రతి ఆడదీ పెద్దమ్మే. వరస మార్చింది నేను కాబట్టి తప్పులో సగం నాది. అది కూడా రాయండి.

ఇవాళ తొమ్మిదిన్నరకు నన్ను కుర్చీలో పడుకోబెట్టారు. డాక్టరు గారు తెర మీద దవడ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూపించారు. "ఎక్కడ, ఏ వాలులో, ఎంత లోతు తవ్వాలో అంతా కంప్యూటరే నిర్ణయించిందమ్మా. ఈ ప్లాస్టిక్ అచ్చు మీ చిగుళ్ల మీద పెట్టి, దీని కన్నాల్లోంచి తవ్వుకుంటూ పోవడమే నా పని. వెంట్రుకవాసి తేడా రాదు" అన్నారు. బొమ్మలో ఎముక లోపల ఎర్రటి దారం గీసి ఉంది. అదేమిటంటే పెదవికి స్పర్శనిచ్చే నరం అన్నారు. మేకు దాన్ని తెంపితే ఈ మొద్దుతనం ఇక పోదట, తాగిన నీళ్లు గడ్డం మీంచి కారుతున్నా తెలియదట.

నా కింది దవడలో ఎడమ పక్క ఒక పంటి మొన ఉంది. నలభై ఏళ్ల కిందట పన్ను పీకినాయన విరగ్గొట్టి వదిలేశాడు. చలికి సలుపుతుంది. తెర మీద ఆ మొన లేదు.

"నా మొన ఏదండీ?" అన్నాను.

"కరిగిపోయి ఉంటుంది. కంప్యూటరు దాచిపెట్టదమ్మా" అన్నారు.

సూది పొడిచారు. తొమ్మిది యాభైకి అచ్చు పెట్టారు. కుడివైపు నొక్కితే ఎడమవైపు లేచింది. ఎడమవైపు నొక్కితే కుడివైపు లేచింది. అయ్యా, మా పనిలో ఆది జాకెట్టు అని ఉంటుంది. కొలతకని మీ ఇంట్లోవాళ్లు ఇచ్చి పంపే పాత జాకెట్టు అది. ఒకసారి నేను ఇద్దరు తోడికోడళ్ల ఆదులు తారుమారు చేశాను. కత్తెర పెట్టినప్పుడు ఏమీ తెలియలేదు, తొడిగి చూశాకే తెలిసింది. కుట్లు విప్పి మళ్లీ కుట్టిచ్చాను. నోట్లో అచ్చు ఊగగానే నాకు ఆ రోజే గుర్తొచ్చింది. బట్టకైతే కుట్లు విప్పుకుంటాం. ఎముకకు ఏం విప్పుతారు?

"ఇది నాది కాదు" అన్నాను. నోట్లో అచ్చు ఉండడంతో ఆయనకు అర్థం కాలేదు. "సూదికి చిగురు వాచింది, అంతే. గట్టిగా నొక్కితే కూర్చుంటుంది" అంటూ వేలు లోపల పెట్టి నొక్కారు. అప్పుడు నోరు మూశాను. కొరికానని ఫిర్యాదట. ఇక్కడికొచ్చిన నా చెల్లెలు కూడా "అక్కా, నిజంగా కరిచావా?" అంది. దేంతో కరుస్తానే? చిగుళ్లతో పట్టుకున్నాను. గట్టిగానే పట్టుకున్నాను. ఆయన వేలు లాక్కోగానే అచ్చు తీసేసి లేచాను.

లేచాక పక్క తెర కనిపించింది. మధ్యాహ్నం రెండింటికి రాబోయేవాళ్ల బొమ్మ అప్పటికే తెరిచిపెట్టుకున్నారు. అందులో ఎడమ పక్క, విరిగిన సూదిలా తెల్లగా, నా మొన ఉంది.

"అదుగో, అది నాది!"

"అది పంతులమ్మ గారిది. పేరు రాసుంది, చదువుకోండి."

"నాకు చదువు రాదు. నా దవడ నాకు తెలుసు."

నర్సు నవ్వింది. నేను రెండు బొమ్మలూ చూశాను. కొలతలు చూసే కళ్లు ఇవి. నా ఎముక మందం, దారం లోతున ఉంది, మేకులు పొడుగు. ఆవిడ ఎముక పలచన, దారం పైపైనే ఉంది. నా మేకులు ఆవిడకు దించితే ఆ దారాన్ని చీల్చుకుని పోతాయి. ఇదంతా చెప్పాను. "వయసు మీద పడింది, భయపడుతోంది" అని డాక్టరు గారు నర్సుతో అన్నారు.

పది గంటల అయిదు నిమిషాలకు అచ్చు సంచిలో వేసుకుని బయటికి నడిచాను. దొంగతనమంటే దొంగతనమే. మీ టేబులు మీదున్నది అదే. బస్సు ఎక్కబోతుంటే గేటు దగ్గరి కాపలా ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నేను మా ఇంటికి పారిపోలేదు, పంతులమ్మ గారు ఆ రోజు మాటల్లో చెప్పిన వీధికి బయల్దేరాను. ఆవిడ చదువుకున్న మనిషి, మర్యాదస్తురాలు. డాక్టరు గట్టిగా నొక్కితే నోరు తెరిచే ఉంచుతుంది. నాలాగా మూయదు.

ఇంతవరకూ రాశాక వేలిముద్ర వేయమన్నారు. ఫోన్ చేస్తేనే వేస్తానన్నాను. ఒంటిగంటకు మీరు ఫోన్ చేసి, నాకూ వినపడేలా పెట్టారు. ఆసుపత్రిలో కౌంటరు దగ్గరమ్మాయి ఎత్తింది.

"పంతులమ్మ గారా? ఆవిడ పదిన్నరకే వచ్చి కూర్చున్నారండీ. ఆ పెద్దమ్మ గొడవచేసి వెళ్లిపోయింది కదా, కుర్చీ ఖాళీగా ఉందని పదకొండింటికే మొదలుపెట్టేశారు. కింది వరస అయిపోయింది."

"అచ్చు సరిపోయిందా అని అడగండి" అన్నాను.

మీరు అడిగారు.

"మొదట కాస్త ఊగిందటండీ. గట్టిగా నొక్కితే కూర్చుందట."

ఇప్పుడు ఒంటిగంట పది. నా కింది పెదవి మీద చీమలు పాకుతున్నట్టుంది. స్పర్శ తిరిగి వస్తోంది. పంతులమ్మ గారిని సాయంత్రం పిలిచి, పెదవి మీద సూదితో గుచ్చి చూడమనండి. ఏమీ తెలియలేదంటే, ఈ కాగితం తీసి డాక్టరు గారికి చదివి వినిపించండి. ఆయనకు చదువు వచ్చు.

రైటరు గారు దీన్ని మొదటి నుంచి చివరిదాకా నాకు చదివి వినిపించారు. ఎవరూ నా నోట్లో మాట పెట్టలేదు. ఒక్క ముక్క అబద్ధం లేదని ఒప్పుకుని ముద్ర వేస్తున్నాను.

కత్తెరమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: కత్తెరమ్మ చెల్లెలు (వేలిముద్ర), ఆసుపత్రి గేటు కాపలా మనిషి (సంతకం).

రాసినది: స్టేషన్ రైటరు. పన్నెండుంబావుకు మొదలుపెట్టి ఒంటిగంట ఇరవైకి ముగించాను. ఈమె మొదట చెప్పినది పది నలభైకి.