తడవకూడని చక్కెర

మదనపల్లెలోని ఆ కిరాణా అంగట్లో మున్సిపాలిటీ నిషేధంతో ప్లాస్టిక్ కవర్లు ఆపేసి నాలుగు రోజులైంది. మధ్యాహ్నం బయట వాన జోరుగా పడుతోంది. సరుకులు కట్టే అమ్మాయి ముందు ఒక పెద్దాయన అరకిలో చక్కెర పొట్లం పట్టుకుని నిలబడ్డాడు. ఆయనను ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. అందుకే ఆమెకు భయంగా ఉంది.

“ఒక్క కవరు ఇయ్యమ్మా. కురబలకోట దాకా మోపెడ్ మీద పోవాల.”

“కవర్లు లేవప్పా. గుడ్డసంచులే ఉండాయి.”

“గుడ్డసంచి వానకు ఆగుతాదా? పాత కవరు యాడన్నా ఉంటాది, సూడమ్మా.”

బల్ల కింద పది కవర్లు మిగిలి ఉన్నాయి. ఆమె అటు చూడలేదు.

“పక్కంగట్లో ఒకాయన ఇట్లే, బిడ్డకు జ్వరమని కవరు అడిగినాడు. ఇచ్చినాక, నేను మున్సిపాలిటీ ఆఫీసరునని కార్డు తీసినాడు. ఇచ్చిన పిల్లను ఆ పొద్దే పనిలోంచి తీసేసినారు.”

“నేను ఆఫీసరు మాదిరి ఉండానా? నా చెప్పుకు పిన్నీసు సూడు.”

“ఆయప్ప కూడా చినిగిన చొక్కాతోనే వచ్చినాడంట.”

ఆయన నవ్వబోయి ఆగాడు.

“సాయంత్రం ఇంట్లో ప్రార్థన ఉండాదమ్మా. మా ఇంటామె పోయి నెలైంది. చర్చి సంఘమోళ్లు వస్తారు. వాళ్లకు టీలోకి.”

నిజమో, అబద్ధమో ఆమెకు తెలియలేదు. తన స్టీలు డబ్బా తెరిచి, అన్నం కాగితం మీద బోర్లించి, డబ్బా శుభ్రంగా తుడిచింది. అందులో చక్కెర పోసి మూత నొక్కింది.

“అయ్యో, నీ అన్నం!”

“కాగితం మీద తింటాలేప్పా.”

“నేను నిజంగా ఆఫీసరునైతే?”

“స్టీలు డబ్బా ఇచ్చిందని రాసుకో. రేపు మాత్రం తెచ్చియ్యి.”