నీటికోళ్ళ డ్యూటీ

"అమ్మమ్మా, జల్‌ముర్గీలన్నీ ఒకటే కదా?" అంటావేటమ్మా? కావు. ఈ నీటికోళ్ళలో నేను చూసినవే నాలుగు రకాలు. నుదుట తెల్ల నామం ఉన్నది బొల్లికోడి. ఎర్ర నామం ఉన్నది జంబుకోడి. రొమ్ము తెల్లగా ఉన్నది గట్టెక్కి, తోక ఎగరేసుకుంటూ తిరుగుతుంది. నాలుగోది నీలంది, పెద్దది. పొడుగు వేళ్ళతో ఆకుల మీద నడుస్తుంది, మా చిన్నత్త పట్టుచీర కుచ్చిళ్ళు పట్టుకుని బురద దాటినట్టు. చిన్నత్తది వేరే కథ, ఉండనీ. రెల్లులోంచి బయటికి రాని రకాలు ఇంకా ఉన్నాయట. చూడలేదు గనక వాటి సంగతి చెప్పను.

చూసిందే చెప్పే ఈ అలవాటు మీ తాతగారిది. స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి ఛార్జ్ ఇవ్వాలి, తెలుసు కదా? చూసింది చూసినట్టు చెప్పాలి. రిటైరయ్యేక ఆయన రోజూ మా పక్కనున్న కోహ్కా వైపు చెరువుకు వెళ్ళి, పక్షులకూ లాగ్‌బుక్ రాసేవారు. మంచాన పడ్డాక ఆ డ్యూటీ నాకొచ్చింది. నేను చూసొచ్చి చెప్పేదాన్ని, ఆయన రాసుకునేవారు.

ఒకనాడు, దీపావళి వెళ్ళేక... కాదు, ఇంకా తరవాతే, చలి ముదిరేక. నీళ్ళలో పెంచిన సింఘాడా కాయలు కోసేసి, తీగలన్నీ పీకి గట్టున పోసేరు. చెరువు బోడిగా ఉంది. ఒక్క కోడి లేదు. ఇంటికొచ్చి ఆయన ముఖం చూసేసరికి నిజం చెప్పడానికి నోరు రాలేదు. "నీలంది ఆకుల మీద నడుస్తోందండీ" అనేసేను.

ఆయన కలం ఆపేరు. "ఏ ఆకుల మీద? తీగలు పీకేసేరని పొద్దున్న పాలవాడు చెప్పేడే."

నేను ఆయన దుప్పటి సర్దడం మొదలెట్టేను.

"ఏటోయ్, తప్పుడు ఛార్జ్ ఇచ్చి షిఫ్టు దిగిపొమ్మంటావా నన్ను?"

అప్పుడు ఏడ్చేను, తల్లీ. ఉన్నదున్నట్టు చెప్పేను. ఆయన 'ఏమీ కనబడలేదు' అని నెమ్మదిగా రాసి, పక్కన నా పేరు వేసేరు. "ఇది కూడా రిపోర్టేనోయ్" అన్నారు.

తరవాత మూడు రోజులూ ఏమీ లేవనే చెప్పేను. నాలుగో రోజు, రెల్లు పక్కన నిజంగానే రెండు బొల్లికోళ్ళు కనబడితే, అదే చెప్పేను. ఆయన మారు అడగలేదు. నా ముఖమైనా చూడకుండా, నా మాట నమ్మి రాసుకున్నారు. ఆ వారంలోనే పోయేరు.

ఎంత ఏడ్చినా, ఆ సంగతి తలుచుకుంటే ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. ప్రేమకొద్దీ నువ్వు అబద్ధమాడితే, కోప్పడకుండా ఆపేవాళ్ళు నీకూ దొరకాలమ్మా. చల్లగా ఉండు...