పసుపు గుడ్డ కట్టిన యాట

ఆ గుడ్డ ఇప్పకు మల్లన్నా. జర ఆగు. మైసమ్మకు మొక్కిన యాట అది, దాని మెడల చెయ్యి పెడ్తవా? నేను రాకపోతే ఇప్పేసి అంగడికి తోలుకపోయెటోనివే గద.

అవ్, తెలుసు. మూడు నెలలాయె. గప్పుడు ఇంతంత మేకపిల్ల, ఇప్పుడు కొమ్ములొచ్చినయ్. మేత నీది, కాపల నీది, గుడ్డ ఒక్కటే నాది. నిన్నేమన్న అన్ననా నేను? పైసలిచ్చి పట్టుకపో అంటున్నవ్, న్యాయమే. పైసలుంటే నీ దొడ్డి కాడ ఇట్ల నిలబడతనా?

దశరథ పటేల్ ఇంట్ల పైసలు లెవ్వా అని నవ్వుతున్నవ్. నవ్వు. ఊరంత నవ్వింది, నీదొక్కటే తక్కువుండె. మంచాల ఊరి కాడి రెండెకరాలు అమ్మి కొడుకును రేసు కారు ఎక్కించిండు మా ఆయన. వికాస్ ఫోటో పేపర్ల పడ్డనాడు ఇబ్రహీంపట్నం బస్టాండుల కనబడ్డోళ్లందరికి చాయ్ తాగిపిచ్చిండు. నువ్వు గూడ తాగినవ్, రెండు కప్పులు.

మన్నెగూడల ప్లాట్లమ్మే కంపెనీ ఒకటి ఉండె. కారు మీద మా పేరేసుకోండ్రి, ఈ ఏడు రేసుల ఖర్చంత మాదే అన్నరు. ఆ మాట నమ్మి మా ఆయన ఇల్లు బ్యాంకుల కుదువ వెట్టి, టైర్లకు, ఇంజనుకు ముందుగాల తనే కట్టిండు. వాళ్లిస్తరు, ఇడిపించుకుందమన్నడు. నేను ఈ యాటకు గుడ్డ కట్టిన ఇరవయ్యో దినం పోయి చూస్తే వాళ్ల ఆఫీసుకు షట్టరేసుంది. ఫోన్లు బంద్. బోర్డు గూడ పీక్కపోయిండ్రు. కారేమో టీమోళ్లు బాకీ కింద పట్టుకున్నరు. మొన్న బ్యాంకోళ్లొచ్చి మా తలుపుకు నోటీసు అంటిచ్చి పోయిండ్రు.

ఇప్పుడు వికాస్ ఏం చేస్తుండో ఎరుకనా? బడంగ్‌పేట్‌ల బడి వ్యాను నడుపుతుండు. నలభై దాటొద్దంట. దాటితే కూత పెట్టే మిషన్ ఉన్నదంట అండ్ల. పోయిన వారం మనవరాలు శ్రీనిధిని పక్కన కూసోబెట్టుకొని పోతుంటే, ముంగటి ఆటోను దాటిపో డాడీ అన్నదంట ఆ పిల్ల. వాడు దాటలే. ఇంటికొచ్చి అన్నం తినకుండ పండుకున్నడు. కోడలు హిమజ పళ్లెం పట్టుకొని తలుపు కాడ ఎంతసేపు నిలబడ్డదో.

వాడు వాళ్ల బాపును ఒక్క మాట అనడు. నన్నూ అనడు. కొట్లాడితే బాగుండు. గట్ల ఊకుంటే నాకు భయమైతది.

ఏమంటున్నవ్? కొడుకు బతికి బయటపడాలని మొక్కినవ్, బయటపడ్డడు, ఇంకో ఏడాది ఆగుతది మైసమ్మ తల్లి అంటున్నవా?

అందరు గట్లనే అనుకుంటున్నరు. కోయంబత్తూరుల కారు పల్టి కొట్టి మెడకు పట్టీ ఏసుకొని వచ్చిండు గద, గందుకే మొక్కిందనుకున్నరు. నేను గూడ కాదనలే.

గది కాదు మల్లన్నా.

వాడు దవాఖానకెల్లి నవ్వుకుంటనే వచ్చిండు. మెడ తిరుగుతలేదు గాని, వచ్చే రేసుల ఏ మలుపు ఎట్ల తిప్పాలెనో చేతులతోని చూపిస్తుండు. నేను వాని రేసు ఒక్కటి గూడ చూడలే. ఇంట్లోళ్లంత ఫోన్ల చూస్తుంటే పోయి పశువుల కొట్టంల కూసునేదాన్ని, అయిపోయింది రా అని పిలిచేదాక. ఆనాడు ఇగ నాతోని కాలే. మైసమ్మ కాడికి పోయిన. వాణ్ణి ఆ కారు దింపు తల్లి, నీకు నల్ల యాటనిస్త అన్న.

దింపింది.

ఎట్ల దింపాలెనో నేను చెప్పలే. ఇల్లు తీస్కొని దింపమంటనా? ఈ సంగతి మా ఆయనకు తెల్వదు. వికాస్‌కు తెలిస్తే నా ముఖం చూడడు. ఇచ్చిన మాట తప్పితే తల్లి అలిగి వాణ్ణి మళ్ల ఆ కారే ఎక్కిస్తదేమో అని గదే ఫికర్. గందుకే నువ్వు అంగడికి పోతున్నవని తెల్వంగనే ఉరికొచ్చిన.

నిన్న వాడు వాకిట్ల కూసోని హెల్మెట్ కడిగిండు. సబ్బు వెట్టి, ముంగటి అద్దం తుడిచి, ఎండల వెట్టిండు. ఎందుకురా అంటే దుమ్ము పట్టిందమ్మా అన్నడు. ఎండినంక తలకు పెట్టుకొని జరసేపు గట్లనే కూసున్నడు. లోపల నవ్విండో ఏడ్చిండో నాకు కానరాలే.

అలిగితే అలగనీ. ఎక్కిస్తే ఎక్కించనీ అనిపిస్తున్నది మల్లన్నా. కన్నతల్లిని, గీ మాట నా నోట్లెకెల్లి వస్తున్నది చూడు.

తోలుకపో. నీకు అంగడి యాళ్లయితుంది. గుడ్డ మాత్రం నువ్వే ఇప్పు. నాకు చేతులొస్తలేవు.