వెనకాల నిలబడేవాళ్ళ గొంతు

నా వంక అలా చూడకు బాబాయ్! నేనేం చేశానని? తప్పంతా ఆ సౌండు ఇంజినీరుది. టీకి లేచినవాడు తెర ఆర్పేసి పోవచ్చు కదా. ఉహుఁ, బొమ్మ అలాగే నిలబెట్టి పోయాడు. అదీ సరిగ్గా నీ మొహం మీద! గోడ నిండా నువ్వు, నీ బట్టతల, నీ చేతిలో ఆ ట్రే. ఎదురుగా అగ్గిపెట్టెలాంటి ఈ డబ్బింగ్ గదిలో నేను.

బయటికి పోదామంటే తలుపుకి లోపలి పిడి ఊడి ఎన్నాళ్ళయిందో. బయటినుంచి వాడొచ్చి తియ్యాలి. అరిచినా వినపడదు. అరుపులు బయటికి పోకూడదనే కదా ఈ గోడలకి మెత్తలు కొట్టించింది!

మా స్టూడియో ప్రొప్రయిటరు బావమరిదిగారికి గొంతు తడారిందట, అందరూ టీకి పోయారు. నన్ను మాత్రం కదలొద్దన్నారు. హీరోకి మూడ్ పోకూడదట. హీరో అంటే ఎవరనుకున్నావు? నేనే. నవ్వకు. నవ్వవులే, నీ నోట్లోకి నవ్వు కూడా నేనే వెయ్యాలిగా.

ఎన్నాళ్ళు మోశాను బాబాయ్ నిన్ను! హాలీవుడ్ వాళ్ళ పాత నలుపు తెలుపు సినిమాలన్నీ మన భాషలోకి మార్చి టీవీలో వేస్తుంటే హీరోకి ఒకడు, హీరోయిన్‌కి ఒకావిడ, నీకు నేను. నీకూ, నీలాంటి వాళ్ళకీ. బట్లర్లు, హోటల్ గుమాస్తాలు, జైలర్లు, నాడి చూసి పెదవి విరిచి వెళ్ళిపోయే డాక్టర్లు. 'మీ ఆయన ఎవరికి చెప్తారండీ డబ్బింగ్?' అని ఎవరైనా అడిగితే, మా ఆవిడ 'వెనకాల నిలబడేవాళ్ళకి' అని గొణిగి మాట మార్చేసేది, పాపం.

నేను పుట్టకముందే పోయావట నువ్వు. అయినా నేనీ గదిలో అడుగుపెట్టినప్పుడు తెరమీద నాకు బాబాయి వయసువాడిలా కనిపించావు. అందుకే ఆ పిలుపు. ఇప్పుడు చూడు, నా జుట్టు నీ దారే పట్టింది, నువ్వేమో అక్కడే ఆగిపోయావు. న్యాయానికి నువ్వే నన్ను అన్నయ్యా అనాలి.

నువ్వెవరో ఈ లోకానికేం తెలుసు? ఒకే సీను ముక్కని తెరమీద తిప్పి తిప్పి వేయించుకుని చూసినవాణ్ణి, నాకు తెలుసు. హీరో రంకెలు వేస్తుంటే అందరూ హీరోని చూస్తారు. నువ్వేం చేస్తావు? ట్రేలో చెంచా చప్పుడు కాకుండా బొటనవేలితో నొక్కి పడతావు. అంతే! ఆ ఇంట్లో ఎన్నేళ్ళుగా ఆ రంకెలు వింటున్నావో ఆ వేలు చెప్పేస్తుంది.

ఇంకోదాంట్లో టాక్సీ డ్రైవరువి. మొహమే చూపించలేదు నీది, మెడ ఒక్కటే. వెనక సీట్లో ఆ పిల్ల ఏడుస్తుంటే నీ మెడ కాస్త కిందికి దిగుతుంది. మెడతో ఏడిపించావయ్యా జనాన్ని! జడ్జి వేషమిస్తే ఆ జడ్జికి జలుబు పెట్టావు. ఎవరు పెట్టమన్నారు? ఎవరూ అని ఉండరు. ఉరిశిక్ష చదువుతూ మధ్యలో ముక్కు తుడుచుకుంటావే, అప్పుడు నాకు వెన్నులో చలి పుట్టింది.

అప్పట్లో మీకు కంపెనీతో ఒప్పందాలట కదా. నెలజీతం. పొద్దున ఒక సెట్టులో చర్చి ఫాదరువి, మధ్యాహ్నం పక్క సెట్టులో జేబుదొంగవి. ఇచ్చిన వేషం కట్టాలి, వద్దంటే వాకిలి చూపిస్తారు. హీరోలన్నా అలిగి ఇంట్లో కూర్చునేవాళ్ళేమో. నీకు అలిగే యోగం కూడా లేదు. నాకు మాత్రం ఉందా?

అసలు సంగతికొస్తాను. హీరోకి చెప్పేవాడు మానేశాడు. నిన్న సాయంత్రం మా ప్రొప్రయిటరు పిలిచి భుజం మీద చెయ్యేశాడు. 'ఇకనుంచి హీరో నువ్వేనోయ్! ఆ బట్లరుగాణ్ణి మా బావమరిది చూసుకుంటాడు' అన్నాడు.

బట్లరుగాడట! ఒళ్ళు మండింది నాకు. 'వద్దండీ, నాకు మా బాబాయే చాలు' అందామని నోరు తెరిచాను. ఏమొచ్చిందో తెలుసా? 'చిత్తం.' నీ గొంతుతో! తల కూడా వంచాను, అచ్చం నువ్వు వంచినట్టే.

ఇన్నేళ్ళు నీ నోట చిత్తం చిత్తం అనిపించీ అనిపించీ, కాదు అనే మాట నా నోటికే రాకుండా పోయింది. ఎవరితో చెప్పుకోను? పెళ్ళిళ్ళకి వెళితే కొత్తవాళ్ళు ఖాళీ గ్లాసులు తెచ్చి నా చేతిలో పెడతారు. తీసుకుంటాను కూడా!

ఇంటికెళ్ళి చెప్పానా, మా ఆవిడ నిలబడ్డ చోటే కూలబడిపోయింది. సంతోషంతో కళ్ళనీళ్ళు. ఫోనులో వాళ్ళక్కతో ఒకటే మాట, 'మా ఆయన హీరో అయ్యారక్కా!' అని. పొద్దున నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి, 'ఏదీ, ఆ గొంతుతో ఒక్కసారి నన్ను పిలవండి' అంది. పిలిచాను. సిగ్గుపడింది బాబాయ్, ఈ వయసులో! అట్లాంటి మనిషితో 'నాకిది వద్దే' అని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అడకత్తెరలో పోకచెక్కనైపోయాను.

పోనీ చేతకాక బోర్లా పడినా బాగుండేది, మళ్ళీ నీ దగ్గరికి తోసేసేవాళ్ళు. అదేం ఖర్మో, మొదటి టేకే ఓకే! ఎంత తేలికనుకున్నావు! ఛాతీ నింపుకుని కేకేస్తే చాలు, మిగతాది లైట్లూ సంగీతం చూసుకుంటాయి. నీకు ఒక్క 'కారు సిద్ధంగా ఉందండి' చెప్పడానికి పూటంతా తన్నుకున్న రోజులున్నాయి. ఆ నాలుగు ముక్కల్లో నీకు వాళ్ళమీద జాలి ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు, నీ పెదవులు మూసుకున్న చోట నా పెదవులూ మూసుకోవాలి.

తరవాత బావమరిదిగారు నా పక్కనే, ఇదే మైకు ముందు నిలబడ్డారు. అయ్యవారిని చేయబోతే కోతి అయిందంటారే, అదీ కథ. ముక్కుతో మొదలుపెట్టి మూలిగి, చివర్లో ఓ కూత. పైన చెంచా నొక్కిపట్టిన నీ వేలు, కింద ఆ కోతిగొంతు! అద్దం అవతల ప్రొప్రయిటరు పొట్ట పట్టుకుని నవ్వుతూ, 'ఇన్నాళ్ళూ ఈ కామెడీ నీకెందుకు తట్టలేదయ్యా?' అని నన్నడుగుతాడు.

ఇప్పుడింక ఈ సీను. గుర్తుందా? హీరో నిన్ను పనిలోంచి తీసేస్తాడు. చిన్నప్పుడు ఎత్తుకుని పెంచావు వాణ్ణి. ట్రే బల్లమీద పెట్టి, తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి పెదవులు కదుపుతావు. డైలాగు కాగితంలో అక్కడేమీ లేదు. అసలు సినిమాలోనూ నీ మాట వినపడదు, పైన సంగీతం పోసేశారు. ఏమన్నావు బాబాయ్? వాళ్ళు అనమన్నదేనా, నీ అంతట నువ్వే అన్నావా?

చాన్నాళ్ళ కిందట ఈ సినిమా మేం ఓసారి చేశాం, ఆ టేపులు పాడైతే మళ్ళీ చేస్తున్నాం. అప్పుడు ఎవరినీ అడక్కుండా అక్కడ 'పదిలం బాబూ' అని గొణిగాను. నీ పెదవులకి అచ్చంగా అతికింది. ఎవరూ కనిపెట్టలేదు. ఈ గదిలో నేను సొంతంగా అన్న మాట అదొక్కటే.

ఈసారి అక్కడ బావమరిదిగారు తుమ్ముతారట.

అవును బాబాయ్, తుమ్ము! ఇందాక రిహార్సల్ కూడా వేశారు. నువ్వు తలుపు దగ్గర తిరిగావు, ఆయన హాచ్ అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు.

నేనూ నవ్వాను.

ప్రొప్రయిటరు కోసం పళ్ళికిలించానంటే కాస్త గౌరవంగా ఉండేది. అది కాదు. నాకు నిజంగానే నవ్వొచ్చింది. నిన్ను చూసి, నీ పెదవులు చూసి, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాను. మరి నువ్వేమో ఆ చివరి చూపు అలాగే చూశావు, నీ పెదవులకి నేనేదో మాట అందిస్తానన్నట్టు. ఇప్పుడు ట్రే పట్టుకుని నిలబడ్డా అదే చూపు. నీ మొహంలో ఏమీ మారదు. అదే నీ గొప్ప, అదే నా చావు.

వచ్చేశారు. అద్దం అవతల లైటు వెలిగింది.

మొదటి డైలాగు నాదే బాబాయ్. 'ఇక నీ అవసరం లేదు, వెళ్ళు.' ఛాతీ నింపుకుని అనాలి. మొదటి టేకే ఓకే అవుతుంది, నాకు తెలుసు. సాయంత్రం మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంటుంది, ఆ గొంతు కోసం.

పదిలం బాబాయ్.

ఆఁ? లేదండీ, ఎవరితోనూ మాట్లాడ్డం లేదు, ఊరికే గొంతు సవరించుకుంటున్నా. రెడీనండీ... చిత్తం.